పాత లారీకి రంగు తర్వాత, ముందు బ్రీదర్, బ్రేకు

సంపాదకులకు,

అయ్యా,

పాత లారీలను బాగుచేయించి మళ్ళీ రోడ్డెక్కిస్తున్న ముచ్చట మీ ఆదివారం పేజీలో చదివాం. బాడీకి ఏ చెక్క వాడారో, గ్రిల్లుకు క్రోమ్ ఎక్కడ వేయించారో, డోరు మీద బొమ్మ ఎవరు గీశారో అన్నీ రాశారు. బండి ఎలా ఆగుతుందన్నది మాత్రం ఒక్క ముక్క లేదు. బానెట్ తెరిచిన ఫొటోలో ఇంజిన్ పక్కనుంచి కిందికి వంగిన గొట్టం ఒకటి కనిపిస్తోంది. దాని చివర నల్లటి జిడ్డు. రంగేసినవాళ్ళు దాన్ని కూడా శుభ్రంగా తుడిచి వెండిరంగు పూశారు. ఆ గొట్టం (బ్రీదర్) గురించీ, పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ను చక్రాలకు తోసే మాస్టర్ సిలిండర్ గురించీ, ఈ రెండు పనులనూ ఎక్కడ కలపకూడదో దాని గురించీ ఈ ఉత్తరం.

ఇంజిన్‌లో మండిన గ్యాసు కొంత పిస్టన్ రింగుల సందుల్లోంచి కిందికి, ఆయిల్ ఛాంబర్‌లోకి దిగుతుంది. షెడ్లలో 'బ్యాక్ కంప్రెషన్' అనేది దీన్నే. అందులో కాలని పెట్రోలు ఆవిరి ఉంటుంది, నీటి ఆవిరి ఉంటుంది. ఒక లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీళ్ళు పుడతాయి. అందులో చాలామటుకు సైలెన్సర్ దారిన పోతుంది, మిగిలిన కొంచెమే చేటు చేస్తుంది. ఇంజిన్ నెత్తిన ఉండే టాపెట్ కవర్ మీది ఆయిల్ మూత తీసి లోపలి వైపు వేలు పెట్టి రాయండి. పాలెక్కువైన కాఫీ రంగులో జిగురు అంటితే, ఆయిలూ నీళ్ళూ కలిసి చిలికినట్టు. రేడియేటర్‌లో నీళ్ళు తగ్గుతుంటే అది హెడ్ ప్యాకింగ్ జబ్బు. నీళ్ళు తగ్గకుండానే జిగురు వస్తుంటే ఛాంబర్‌కు ఊపిరాడడం లేదని అర్థం.

పాతకాలపు షెవర్లే, డాడ్జి, ఫార్గో, బెడ్‌ఫర్డ్ పెట్రోలు లారీలకు ఈ ఊపిరి ఆ వంగిన గొట్టమే. చివర ఏటవాలుగా కోసి ఉంటుంది. బండి పరిగెత్తేటప్పుడు కింద వీచే గాలి ఆ కోతను ఒరుసుకుంటూ పోయి, లోపలి ఆవిరిని లాగుతుంది. గంటకు 40 కిలోమీటర్లు దాటితేనే ఆ లాగుడు ఏపాటైనా ఉంటుంది. చిత్తూరు నుంచి పలమనేరు వెళ్తూ మొగిలి ఘాట్ ఎక్కుతున్నారనుకోండి. సెకండ్ గేర్, నిండా ఎక్సలరేటర్, గంటకు 15 కిలోమీటర్లు. రింగుల దగ్గర గ్యాసు దిగేది అప్పుడే ఎక్కువ, గొట్టం లాగేది అప్పుడే సున్నా. దారి దొరకని ఒత్తిడి క్రాంకు వెనక సీలులోంచి ఆయిల్‌ను తోస్తుంది. అది క్లచ్ ప్లేటు మీద పడి, క్లచ్ జారడం మొదలవుతుంది. క్లచ్ ప్లేటు మార్పించి, సీలు మార్పించి, మూడో నెలలో మళ్ళీ అదే తంతు చేసేవాళ్ళు ఎందరో.

దీనికి మందు కొత్తదేమీ కాదు. రెండో ప్రపంచ యుద్ధం నాటి విల్లీస్ జీపులోనే ఛాంబర్ ఆవిరిని వాల్వు గుండా ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లోకి లాగే ఏర్పాటు ఉండేది. కిందికి వంగిన గొట్టమైతే నీటిలో మునిగినప్పుడు ఇంజిన్‌లోకి నీళ్ళొస్తాయి కాబట్టి. అమెరికా కార్లకు కాలిఫోర్నియాలో 1961 మోడల్ నుంచి, దేశమంతటా 1963 మోడల్ నుంచి ఇదే పద్ధతి వచ్చింది. పీసీవీ (పాజిటివ్ క్రాంక్‌కేస్ వెంటిలేషన్) వాల్వు అంటారు.

వాల్వు లోపల స్ప్రింగు మీద కూర్చున్న చిన్న ప్లంజర్, అంతే. ఇంజిన్ స్లోలో, అంటే ఎక్సలరేటర్ నొక్కకుండా ఉన్నప్పుడు మానిఫోల్డ్‌లో వాక్యూమ్ పాదరసం లెక్కన 17 నుంచి 20 అంగుళాల దాకా ఉంటుంది. అది ప్లంజర్‌ను గట్టిగా లాగి దారి సన్నం చేస్తుంది. ఎక్సలరేటర్ నొక్కితే వాక్యూమ్ పడిపోతుంది, స్ప్రింగు ప్లంజర్‌ను వెనక్కి నెడుతుంది, దారి తెరుచుకుంటుంది. కారబ్యురేటర్‌లోంచి మంట వెనక్కి కొడితే ప్లంజర్ పూర్తిగా మూసుకుని, ఆ మంటను ఛాంబర్‌లోకి పోనివ్వదు. కాబట్టి వాల్వు లేకుండా ఉత్త గొట్టం తగిలించే 'చౌక పని' వద్దేవద్దు. పెట్రోలు ఆవిరి నిండిన ఛాంబర్‌లోకి మంటకు దారి వేసినట్టవుతుంది.

ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పాలి. చాలా పాత పెట్రోలు లారీలకు ఆ తర్వాత డీజిల్ ఇంజిన్ ఎక్కించారు. డీజిల్‌లో గాలిని అడ్డుకునే పళ్ళెం లేదు, అందుకని మానిఫోల్డ్‌లో చెప్పుకోదగ్గ వాక్యూమూ ఉండదు. పెట్రోలు వాల్వు అక్కడ పనిచేయదు. అది చాలదన్నట్టు ఛాంబర్ ఆయిల్ గనక ఇన్‌టేక్‌లోకి లాగబడితే డీజిల్ ఇంజిన్ ఆ ఆయిల్ మీదే నడిచి, డీజిల్ కట్టేసినా ఆగకుండా రేస్ అయిపోతుంది. డీజిల్ బండికి బ్రీదర్ జాలీ శుభ్రం చేసి, గొట్టం చివర మట్టి లేకుండా చూసుకుంటే చాలు.

పెట్రోలు బండికి పని మొదలుపెట్టేముందు కంప్రెషన్ కొలవండి. రింగులు అరిగిన ఇంజిన్‌కు పీసీవీ పెడితే పొగ ఆగదు, ఆయిల్ తాగడం పెరుగుతుంది. కంప్రెషన్ బాగుంటే పాత గొట్టం విప్పి, అది కూర్చున్న రంధ్రానికి లేత్ మీద ఒక బుష్ చేయించండి. ఆ రంధ్రం లోపల కంపెనీ పెట్టిన రేకు అడ్డు ఒకటి ఉంటుంది. దాన్ని పీకేయొద్దు. ఆయిల్ తుంపర నేరుగా గొట్టంలోకి రాకుండా ఆపేది అదే. పాత 216 (ఘనపు అంగుళాల) షెవర్లే ఇంజిన్‌లో కనెక్టింగ్ రాడ్ల కింది గరిటెలు ఆయిల్‌ను తోడి చల్లుతుంటాయి. లోపలంతా ఆయిల్ వానే. అడ్డు తుప్పు పట్టి పోయి ఉంటే కొత్త రేకు చేయించాలి. దాని బదులు స్టీలు పీచు కుక్కేవాళ్ళున్నారు. ఆ పీచు పొడై ఇంజిన్‌లోకి పోతుంది.

బుష్ నుంచి వాల్వుకు, వాల్వు నుంచి మానిఫోల్డ్‌కు లోపలి వ్యాసం 10 మిల్లీమీటర్లున్న హోస్. పెట్రోలుకూ ఆయిల్‌కూ తట్టుకునేది, వాక్యూమ్‌కు ముడుచుకుపోనిది కావాలి. రేడియేటర్ నీళ్ళ హోస్ వేస్తే ఆరు నెలల్లో లోపల ఉబ్బి మూసుకుంటుంది. వాల్వు నిలువుగా నిలబడాలి, బాణం గుర్తు మానిఫోల్డ్ వైపుండాలి. వాల్వు ఎంపికలోనే ఎక్కువమంది తప్పు చేస్తారు. మూడున్నర, నాలుగు లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్‌కు చిన్న కారు వాల్వు చాలదు. దాదాపు అంతే సైజు పెట్రోలు ఇంజిన్‌కు కొలిచి చేసిందే తీసుకోవాలి. చెన్నై పుదుపేటలో వెతికితే పాతవి దొరుకుతాయి గానీ చెవి దగ్గర పెట్టి ఊపి చూడండి. టకటకమని చప్పుడు రాకపోతే లోపల ప్లంజర్ అతుక్కున్నట్టే.

మానిఫోల్డ్‌లో గొట్టం ఎక్కడ కలుపుతారన్నది ముఖ్యం. సరిగ్గా కారబ్యురేటర్ కింద, నడిమధ్యన. ఒక కొసన రంధ్రం వేస్తే వచ్చిన గాలంతా ఆ పక్క సిలిండర్‌కే పోతుంది. ఆ ఒక్క ప్లగ్గు తెల్లగా కాలి, మిగతా ఐదూ గోధుమరంగులో ఉంటాయి. నమ్మకమైన దారి, కారబ్యురేటర్‌కూ మానిఫోల్డ్‌కూ మధ్య 12 మిల్లీమీటర్ల అల్యూమినియం పళ్ళెం చేయించి, దాని పక్కన ట్యాప్ కొట్టించడం. పైనా కిందా రెండు ప్యాకింగులు. పోత ఇనుప మానిఫోల్డ్‌లోనే రంధ్రం వేయాలంటే మాత్రం దాన్ని విప్పి టేబుల్ మీద పెట్టి వేయండి. బండి మీదే డ్రిల్లు పెడితే ఇనుప రజను వాల్వుల్లోకి పోతుంది.

లాగిన దానికి బదులు లోపలికి మంచి గాలి వెళ్ళాలి కదా. జాలీ ఉన్న పాత ఆయిల్ మూత తీసి గాలి చొరని మూత పెట్టండి. టాపెట్ కవర్‌కు ఒక గొట్టం అతికించి, ఎయిర్ క్లీనర్‌లో వడకట్టిన గాలి ఉండే వైపుకు హోస్ కలపండి. దీనివల్ల ఇంకో లాభం. నిండా లోడుతో ఘాట్ ఎక్కేటప్పుడు వాల్వు మోయలేనంత గ్యాసు వస్తే, మిగిలింది ఈ హోస్‌లోంచి వెనక్కి వచ్చి కారబ్యురేటర్‌లోకే పోతుంది. రోడ్డు మీద పడదు.

అంతా అయ్యాక స్లో మళ్ళీ సెట్ చేయాలి. వాల్వు ద్వారా అదనపు గాలి వస్తుంది కాబట్టి మిశ్రమం పలచనవుతుంది. పైగా ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. అదీ పలచన వైపే లాగుతుంది. కారబ్యురేటర్ మిశ్రమం స్క్రూ అరచుట్టు, ముప్పావు చుట్టు విప్పాల్సి రావచ్చు. పెట్రోలు హోసులు, పంపు డయాఫ్రమ్ పాత రబ్బరువైతే అవీ ఈ చేత్తోనే మార్చేయండి. పరీక్ష సులువు. ఇంజిన్ వేడెక్కాక ఆయిల్ మూత తీసి, రంధ్రం మీద పల్చటి కాగితం ముక్క పెట్టండి. నిమిషంలో అది కిందికి అతుక్కోవాలి. పైకి ఎగిరితే వాల్వు చిన్నది, లేదా రింగులు పోయాయి.

ఇక బ్రేకులు. ఈ బండ్లలో ఒకే ఛాంబర్ ఉన్న మాస్టర్ సిలిండర్ ఫ్లోర్ కింద వేలాడుతుంది. నాలుగు చక్రాలకూ అదే ఆధారం. ఎక్కడో ఒక్క హోస్ పగిలితే నాలుగూ పోతాయి. రెండు ఛాంబర్ల టాండమ్ సిలిండర్ పెడితే ముందు చక్రాలకు ఒక దారి, వెనక చక్రాలకు ఒక దారి. ఒకటి పోయినా ఇంకోటి ఉంటుంది. అమెరికాలో కార్లకు 1968 నుంచి ఇది తప్పనిసరి.

అయితే పాత పైపులు, పాత వీల్ సిలిండర్లు అలాగే ఉంచి మాస్టర్ ఒక్కటే కొత్తది బిగించడం వల్ల ఒరిగేదేమీ లేదు. పని చక్రం దగ్గర మొదలవ్వాలి. డ్రమ్ము విప్పాక దుమ్ముకు గాలి కొట్టకండి. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. తడిగుడ్డతో తుడవండి. వీల్ సిలిండర్ రబ్బరు టోపీ ఎత్తి చూడండి. లోపల తడి ఉంటే బకెట్ వాషర్లు (ఆయిల్‌ను ఆపే రబ్బరు వాషర్లు) పోయినట్టే. బోరు అడుగున నీళ్ళు నిలిచే చోట గుంటలు పడతాయి. హోనింగ్‌కు, అంటే రుద్ది నునుపు చేసినా పోకపోతే స్టెయిన్‌లెస్ స్లీవు వేయించండి, లేదా సిలిండరే మార్చండి. వాషర్లను పెట్రోలుతోనో డీజిల్‌తోనో కడగడం మన షెడ్ల పాత అలవాటు. బ్రేక్ ఆయిల్ రబ్బరుకు ఆ నూనెలు పడవు. ఉబ్బి, బోరులో ఇరుక్కుపోతుంది. బ్రేక్ ఆయిల్‌తోనే, లేదంటే స్పిరిట్‌తో కడగాలి.

రబ్బరు హోసులు మూడూ మార్చండి, చూడ్డానికి బాగున్నా సరే. లోపలి పొర ఊడి నాలుకలా వేలాడుతుంది. ఆయిల్‌ను చక్రం వైపు పోనిస్తుంది, వెనక్కి రానివ్వదు. పెడల్ వదిలినా ఆ చక్రం పట్టేసి ఉంటుంది. ఇనుప పైపులకు బదులు ఏసీ పనివాళ్ళ రాగి పైపు వేసి, కొసను ఒక మడతే తిప్పి బిగించడం చాలా బండ్లలో చూస్తాం. రాగి అదురుకు గట్టిబడి, మడత దగ్గర చీలుతుంది. బ్రేకులకు వాడే 'బండీ' ఉక్కు ట్యూబు గానీ కుప్రోనికెల్ (రాగి, నికెల్ మిశ్రమం) పైపు గానీ వాడి, కొసకు రెండు మడతల ఫ్లేర్ తిప్పించాలి.

టాండమ్ సిలిండర్ బోరు ఎంత ఉండాలన్నది లెక్క చూసుకోవాల్సిన విషయం. బోరు చిన్నదైతే తక్కువ కాలిబలానికే ఎక్కువ ఒత్తిడి వస్తుంది, కానీ తోసే ఆయిల్ తగ్గుతుంది. ఒక అంగుళం బోరుకు విస్తీర్ణం 5.07 చదరపు సెంటీమీటర్లు, అంగుళంపై ఎనిమిదో వంతు, అంటే 28.6 మిల్లీమీటర్లకు 6.4. టాండమ్‌లో మొత్తం స్ట్రోకు రెండు ఛాంబర్లూ పంచుకుంటాయి. ఒక్కో దానికి 16 మిల్లీమీటర్లు వచ్చిందనుకోండి, అంగుళం బోరులో 8.1 మిల్లీలీటర్లు తోస్తుంది. ముందు వీల్ సిలిండర్లు 35 మిల్లీమీటర్లవైతే, డ్రమ్మును పట్టే షూలు దగ్గరగా సెట్ చేసి ఒక్కో పిస్టన్ ఒకటిన్నర మిల్లీమీటరే కదిలితే, రెండు చక్రాల నాలుగు పిస్టన్లకూ కలిపి 5.8 మిల్లీలీటర్లు చాలు. షూలు వదులై ఒక్కో పిస్టన్ రెండున్నర మిల్లీమీటర్లు కదలాల్సి వస్తే 9.6 కావాలి. ఉన్నది 8.1. పెడల్ ఫ్లోర్‌కు తగులుతుంది. 'కొత్త మాస్టర్ వేయించినా బ్రేకు కిందికి పోతోంది' అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే. తప్పు సిలిండర్‌ది కాదు, షూ సెట్టింగ్‌ది. డ్రమ్ములు నాలుగూ వేడెక్కి చల్లారాక మళ్ళీ సెట్ చేయాలి.

పెడల్ తోసే పుష్‌రాడ్‌కూ మాస్టర్ పిస్టన్‌కూ మధ్య ఒకటిన్నర మిల్లీమీటర్ల సందు ఉంచండి. ఈ సందు లేక పెద్ద ప్రమాదాలు వస్తాయి. పెడల్ పూర్తిగా పైకి వచ్చినప్పుడు పిస్టన్ వెనక్కి వెళ్ళి, రిజర్వాయర్ అడుగునున్న సన్నటి రంధ్రాన్ని తెరవాలి. పుష్‌రాడ్ బిగుతుగా ఉంటే అది మూసుకునే ఉంటుంది. ఘాట్‌లో ఆయిల్ వేడెక్కి వ్యాకోచిస్తే పోవడానికి చోటు ఉండదు, షూలు వాటంతటవే పట్టేస్తాయి, ఇంకా వేడి, ఇంకా పట్టు. చూడడం ఎలాగంటే, రిజర్వాయర్ మూత తీసి, ఒకరు చేత్తో పెడల్‌ను అంగుళం లోపే మెల్లగా నొక్కాలి. ఇంకొకరు పైనుంచి చూస్తే ఆయిల్‌లోంచి సన్నటి ఊట ఒకటి చిమ్మి ఆగాలి. రెండు ఛాంబర్లలోనూ కనిపించాలి. ఊట రాలేదంటే పుష్‌రాడ్ తగ్గించండి. మొహం మరీ దగ్గర పెట్టొద్దు, కంట్లో పడుతుంది. రంగు మీద పడితే రంగూ లేస్తుంది.

డ్రమ్ము బ్రేకులకు, పెడల్ వదిలాక కూడా లైనులో 10 పీఎస్‌ఐ ఒత్తిడి నిలిపే రెసిడ్యువల్ వాల్వు ఉండాలి. కొత్త మాస్టర్ లోపలే అది ఉందేమో ముందు చూసుకోండి. ముందు డిస్కు, వెనక డ్రమ్ము ఉన్న బండి మాస్టర్ తెచ్చి వేస్తే ముందు దారికి అది ఉండదు, విడిగా వేయాలి. ముందు చక్రాలకు డిస్కులే వేయించుకోవచ్చు కదా అని అడుగుతారు. వీలవుతుంది. కానీ రిమ్ములో చోటు, వాక్యూమ్‌తో కాలిబలానికి తోడయ్యే బూస్టర్, వెనక ఒత్తిడి తగ్గించే వాల్వు, హబ్ మార్పు, అన్నీ కావాలి. నెలకు రెండుసార్లు తిరిగే బండికి ఆ ఖర్చు దండగని మా అభిప్రాయం.

ఆయిల్ డాట్ 3 లేదా డాట్ 4. కొత్త డాట్ 3 మరిగేది 205 డిగ్రీల దగ్గర. అది గాలిలో తేమ పీల్చుకుని 140కి దిగుతుంది. డాట్ 4కు ఆ అంకెలు 230, 155. ఘాట్ దిగేటప్పుడు డ్రమ్ము వేడికి ఆయిల్‌లో నీరు ఆవిరైతే పెడల్ కింద గాలి తప్ప ఏమీ ఉండదు. రెండేళ్ళకోసారి మార్చండి. సిలికాన్ డాట్ 5ను వీటితో కలపొద్దు. మొదటిసారి నింపి, గాలి తీసి, కడగడానికి ఒకటిన్నర లీటర్లు దగ్గర పెట్టుకోండి. మాస్టర్‌ను బండికి ఎక్కించకముందే బల్ల మీద గాలి తీసి, తర్వాత దూరపు చక్రంతో మొదలుపెట్టండి.

మొదట కలపకూడదన్న మాట దగ్గరికి వద్దాం. బ్రేకుకు వాక్యూమ్ బూస్టర్ ఉంటే దానికీ మానిఫోల్డే ఆధారం. పని తగ్గుతుందని పీసీవీ గొట్టాన్ని బూస్టర్ హోస్‌కు 'టీ' పెట్టి కలిపేస్తున్నారు. ఛాంబర్ ఆయిల్ ఆవిరి బూస్టర్ ఎన్‌ఆర్‌వీలో (గాలిని ఒకవైపే పోనిచ్చే వాల్వులో) చేరి, దాన్ని సగం తెరిచి అంటుకునేలా చేస్తుంది. తర్వాత డయాఫ్రమ్ మెత్తబడి చిరుగుతుంది. అది చిరిగిన రోజు స్లో ఎగుడుదిగుడవుతుంది, పెడల్ రాయిలా అవుతుంది, రెండూ ఒకేసారి. వేరువేరు ట్యాపులు పెట్టండి. బూస్టర్ పరీక్షకు, ఇంజిన్ ఆపి పెడల్ ఐదారుసార్లు తొక్కి, కాలు గట్టిగా పెట్టి ఉంచి ఇంజిన్ స్టార్ట్ చేయండి. పెడల్ కాస్త కిందికి దిగాలి.

పీలేరు వైపు నుంచి భాకరాపేట ఘాట్ దిగేటప్పుడు ఇంజిన్ ఆపి న్యూట్రల్ కొట్టే డ్రైవర్లకు ఇది చెప్పాలి. గేర్లో ఉండి ఎక్సలరేటర్ వదిలితే మానిఫోల్డ్ వాక్యూమ్ అప్పుడే అన్నిటికన్నా ఎక్కువ. ఇంజిన్ బండిని పట్టుకుంటుంది, బూస్టరూ నిండుగా ఉంటుంది. ఇంజిన్ ఆపితే రెండు మూడు తొక్కుళ్ళకే బూస్టర్ ఖాళీ. 1944లో వేసిన తిరుమల మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగడానికే వాడుతున్నారు. ఆ మలుపుల్లో కాలి బలం ఒక్కదానితో లారీని ఆపలేరు.

హ్యాండ్ బ్రేకు గురించి ఒక్క మాట. ఈ లారీల్లో చాలావాటికి అది గేర్‌బాక్స్ వెనక షాఫ్టు మీద ఉంటుంది. వెనక ఒక్క చక్రానికి జాకీ వేసి లేపితే, డిఫరెన్షియల్ వల్ల ఆ చక్రం గాల్లో తిరుగుతూ, కింద ఉన్న రెండో చక్రాన్ని దొర్లనిస్తుంది. హ్యాండ్ బ్రేకు లాగి ఉన్నా బండి కదులుతుంది. కింద పడుకుని బ్లీడింగ్ (గాలి తీయడం) చేసేముందు మిగతా చక్రాలకు చెక్క దిమ్మెలు పెట్టండి.

చివరిగా కాగితాల సంగతి. 50 ఏళ్ళు దాటిన వాహనాలకు 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ కార్లకూ ద్విచక్ర వాహనాలకే. లారీలకు అది లేదు, మామూలు ఫిట్‌నెస్ దారే. ఆర్సీలో ఉన్న వివరాలు మారేలా మార్పులు చేయించేటట్టుంటే ఆర్టీఓ ఆఫీసులో ముందే అడగండి. ఫిట్‌నెస్ చూసే అధికారులకు మా విన్నపం ఒకటే. పాత లారీ వస్తే పెడల్ ఒకసారి తొక్కి వదిలేయకుండా, ఫ్లోర్ మూత తీసి మాస్టర్ ఎన్ని ఛాంబర్లదో చూడండి, వెనక యాక్సిల్ మీది హోస్‌ను వేళ్ళతో వంచి పగుళ్ళున్నాయేమో చూడండి. రెండు నిమిషాల పని.

ఇట్లు,
పాత లారీల మెకానిక్‌లు కొందరు,
తిరుపతి